మొదట వచ్చిందెవరు?

కుటుంబ చరిత్రలు అచ్చువేయించుకోవడం మన దగ్గర కొత్తేమీ కాదు. షష్టిపూర్తికో, తాతగారి శతజయంతికో ఒక చిన్న పుస్తకం వస్తుంది. అందులో ఒక వంశవృక్షం, దాని మొదట్లో ఒక మూలపురుషుడు. ఆయన ఎక్కడినుంచో వలస వచ్చాడు, అడవి కొట్టాడు, చెరువు కట్టాడు, ఊరు నిలబెట్టాడు. సిద్దిపేట చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో ఈ కథ చిన్నచిన్న మార్పులతో చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఈ పుస్తకాల్ని మనం సాహిత్యంగా చదవం. పాత శుభలేఖల మధ్య పడేస్తాం. కానీ ఇవీ కథనాలే. ఎవరిని చెప్పాలో, ఎవరిని వదిలేయాలో ముందే నిర్ణయించుకున్న కథనాలు. అందుకే వీటినీ విమర్శకు పెట్టాలి.

ముందుగా ఆ 'వలస' సంగతి చూద్దాం. వంశవృక్షం లెక్కలో వలస ఒక్కసారే జరిగింది, చేసింది ఒక్క మగవాడు. తర్వాతి ఏడెనిమిది తరాలూ అక్కడే పాతుకుపోయాయి. నిజానికి ప్రతి తరంలోనూ ఆ ఇంటికి ఎవరో ఒకరు కొత్త నేల మీదికి వస్తూనే ఉన్నారు. వాళ్లు కోడళ్లు. ఎదగకముందే, తనవాళ్లెవరూ లేని ఊరికి వచ్చి, అక్కడి నీళ్లకీ తిండికీ మాటకీ అలవాటు పడి, ఆ ఇంటి పొలంలో చచ్చేదాకా పనిచేసినవాళ్లు. అదే ఇంటి ఆడపిల్లలు అలాగే ఇంకో ఊరికి వెళ్లిపోయారు. కదలకుండా ఉన్నవాళ్ల పేర్లతో వలస చరిత్ర రాసుకుని, తరతరానా కదిలినవాళ్లని 'భార్య', 'సంతానం' అనే మాటల కింద సర్దేశాం.

విచిత్రమేమంటే వాడుక భాష ఈ తప్పు చేయలేదు. మన పల్లెల్లో కోడలిని పుట్టిన ఊరి పేరుతో పిలవడం ఉంది. దుబ్బాకామె, గజ్వేలామె, చేర్యాలామె. ఆమె సొంత పేరు మింగేసే పిలుపే ఇది, సందేహం లేదు. అయినా ఆమె ఎక్కడినుంచి వచ్చిందో దాచిపెట్టింది కూడా ఈ పిలుపే. చాలా ఇంటిపేర్లు మగవాళ్ల పాత ఊరిని దాచినట్టే ఇది ఆడవాళ్ల పాత ఊరిని దాచింది. తేడా ఒక్కటే. ఇంటిపేరు కాగితమెక్కింది, ఈ పిలుపు ఆమెతోపాటే కాటికి పోయింది.

కాగితానికి ముందు వంశాలని గుర్తుపెట్టుకున్నది ఆశ్రిత కులాల గాయకులు. రెడ్లకి పిచ్చుకుంట్లవారు, పద్మశాలీలకి కూనపులివారు, ముదిరాజులకి కాకిపడగలవారు, మాదిగలకి డక్కలివారు. వీళ్లలో కొందరి కథలకు బొమ్మలు వేసింది చేర్యాల నకాషీలు. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు చేర్యాల వరంగల్ నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. ఆ ఎర్రని పటాల మీద ఆడవాళ్లకి కొరత లేదు. దేవతలున్నారు, ఋషిపత్నులున్నారు, దంచేవాళ్లూ మోసేవాళ్లూ ఉన్నారు. కానీ కథ పురాణం దాటి దాత ఇంటి దాకా వచ్చేసరికి పొగడ్త అందుకునేవి గోత్రమూ ఇంటిపేరూ. రెండూ తండ్రినుంచి కొడుక్కి పోయేవే. కులపురాణం కింది కులాలకి ఆత్మగౌరవం ఇచ్చిందన్నది కాదనలేం. ఆ గౌరవంలో స్త్రీకి ఎంత వాటా దక్కిందన్నది వేరే ప్రశ్న. అది మనమే అడగాలి.

ఇంకా వెనక్కి వెళితే పరిస్థితి అంత ఏకపక్షంగా లేదు. కాకతీయుల కాలపు ఆంధ్రదేశాన్ని సింథియా టాల్బట్ 2001లో వచ్చిన తన పుస్తకంలో, మెట్ట ప్రాంతాలకు విస్తరిస్తున్న సరిహద్దు సమాజంగా చూపించారు. కొత్త చెరువులు, కొత్త సాగు, కులం కంటే కదలికకి ఎక్కువ విలువున్న కాలం. ఆ కాలపు శాసనాల్లో దానాలిచ్చిన స్త్రీలు కనిపిస్తారు. కాకతీయుల వంశక్రమానికి చరిత్రకారులు ఆధారపడే ముఖ్యమైన శాసనాల్లో ఒకటి బయ్యారం చెరువు శాసనం. దాన్ని వేయించింది గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ. నతవాడి వంశానికి కోడలిగా వెళ్లిన ఆమె చెరువు కట్టించి, తన పుట్టింటి తరాలని రాతి మీద చెప్పించింది. అంటే రాజవంశపు వంశవృక్షాన్ని మనకి అందించిన వారిలో, ఆ వృక్షంలోంచి 'బయటికి పోయిన' ఆడబిడ్డ ఒకరు.

మైలాంబకి రాయి దొరికింది, ఆమె రాచబిడ్డ కనుక. ఆ చెరువు కట్ట మీద మట్టి తట్టలు మోసిన స్త్రీలకి దొరకలేదు. 'మా తాత చెరువు తవ్వించాడు' అనే వాక్యంలో ఆ 'ఇంచు' ఎవరి చేతులతో జరిగింది? వడ్డెర స్త్రీలు, మాల మాదిగ స్త్రీలు ఆ వాక్యానికి బయటే ఉన్నారు. అగ్రకుల కుటుంబపు వృక్షంలో కోడళ్ల పేర్లు చేర్చినంత మాత్రాన ఈ లోటు తీరదు.

అమెరికాలో కూడా తొలి స్థిరనివాసుల వారసత్వం వెతుక్కునే పిచ్చి ఎక్కువే. ఆ రంగంలో దారి మార్చింది లారెల్ థాచర్ ఉల్రిచ్ 1990లో ప్రచురించిన పుస్తకం. మేన్ ప్రాంతపు సరిహద్దు ఊళ్లో మార్తా బల్లార్డ్ అనే మంత్రసాని 1785 నుంచి 1812 దాకా డైరీ రాసింది. అంతకుముందు దాన్ని చూసిన చరిత్రకారులు ఇంటిపనుల చిల్లర లెక్కలని పక్కనపెట్టారు. ఉల్రిచ్ ఆ చిల్లర లెక్కల్లోనే ఊరి ఆర్థిక వ్యవస్థనంతా చదివారు. మన ఊళ్ల మంత్రసానులు డైరీలు రాయలేదు. కానీ రాత లేనిచోట మాటని ఆధారంగా తీసుకోవడం మనకీ తెలుసు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చేసింది అదే.

ఇదంతా గతం మీద మోజు కాదు. వంశవృక్షం ఆస్తి కాగితం కూడా. పంపకాల దావాల్లో దాన్ని కోర్టుకి ఇస్తారు. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారు ఎవరో చూసి, అక్కడినుంచి కొడుకుల్నీ మనవల్నీ గీసుకుంటూ వస్తారు. ఆ గీతలో కూతురు లేకపోతే ఆమె హక్కూ లేదు. ఉమ్మడి రాష్ట్రం 1985లో అవివాహిత కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది. కేంద్ర చట్టం 2005లో పెళ్లైనవాళ్లకీ ఇచ్చింది. ఆ హక్కు పుట్టుకతో వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. చట్టం మారినా, ఇంట్లో గీసే బొమ్మ మారడానికి ఇష్టపడటం లేదు.

సిద్దిపేట జిల్లాలో మల్లన్నసాగర్ కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, పేరులోనే బంజరున్న బంజేరుపల్లి లాంటి ఊళ్లు పోయాయి. 2022 ఫిబ్రవరిలో జలాశయం ప్రారంభమైంది. ఒకనాడు బంజరు కొట్టి కట్టుకున్న ఊళ్ల మనుషులు గజ్వేల్ దగ్గరి కాలనీల్లో మళ్లీ కొత్తగా వచ్చినవాళ్లయ్యారు. ఇలాంటి సమయంలో 'కుటుంబం అంటే ఎవరు' అనేది పరిహారాన్ని నిర్ణయించే ప్రశ్న. 2013 భూసేకరణ చట్టం వితంతువుల్నీ, విడాకులు పొందినవాళ్లనీ, భర్తో పుట్టిల్లో వదిలేసిన స్త్రీలనీ వేరు కుటుంబాలుగా గుర్తిస్తుంది. మన వంశవృక్షాల్లో సరిగ్గా వీళ్లకే చోటు లేదు.

తెలంగాణ పల్లెల్లో బొడ్రాయి పండగ చేసినప్పుడు పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలందర్నీ పిలుస్తారు. ఊరు పుట్టిన రాయి దగ్గర వాళ్లు లేనిదే ఊరు నిండదన్నమాట. పండగ ఒప్పుకున్నది కాగితం కూడా ఒప్పుకోవాలి. వంశ చరిత్ర రాసేవాళ్లు, రాయించేవాళ్లు, ముఖ్యంగా ఈ అంశం మీద పరిశోధనలు చేయిస్తున్న మన అధ్యాపకురాళ్లు ప్రతి పేరు పక్కనా ఇవి అడగాలి. ఆమె సొంత పేరేమిటి? ఏ ఊరినుంచి వచ్చింది? ఆమె తల్లిది ఏ ఊరు? ఎవరి పొలంలో, ఎవరితో కలిసి పనిచేసింది? ఆమెకి భూమి దక్కిందా? ఈ జవాబులు తెలిసిన ముసలమ్మలు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లడం ఈ ఏడాదే జరగాలి.