పస్కాకీ అధిక మాసం ఉంది

మా నర్సీపట్నంలో యూదులు లేరు. ఉన్నదల్లా ప్రశ్నలే. చర్చికి వెళ్లేవాళ్లు పాత నిబంధన చదివి అడుగుతారు, వెళ్లనివాళ్లు ఇజ్రాయెల్ వార్తలు చూసి అడుగుతారు: వాళ్లు ఏసును నమ్మరా? మరి వాళ్ల బైబిల్లో ఏముంటుంది? ఏసును మెస్సయ్యగా ఒప్పుకోరు, కొత్త నిబంధన వాళ్లకి లేదు. మన తెలుగు బైబిల్లో 39గా కనిపించే పాత నిబంధన పుస్తకాలనే వాళ్లు 24గా లెక్కపెడతారు. నమ్మకాల సంగతి ఇంతటితో వదిలేస్తాను. నాకు ఆసక్తి వాళ్ల ఆచారాల మీద.

ఆ ఆచారాలు పాటించే తెలుగువాళ్లు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉన్నారు. బెనె ఎఫ్రాయిం అంటారు. మాదిగ కుటుంబాలు. ఒకప్పుడు క్రైస్తవ బోధకులుగా ఉన్న షమూయేల్, సాదొక్ యాకోబి అన్నదమ్ముల వెంట యూదు మార్గం పట్టారు. 1991లో అక్కడ సినగాగు, అంటే యూదుల ప్రార్థన మందిరం, వెలిసింది. తాము ఇజ్రాయేలు గోత్రాల్లోని ఎఫ్రాయిము సంతతి అని వాళ్ల మాట. చరిత్రకారులు దాన్ని రుజువైన సంగతిగా తీసుకోరు. ఇలాగే చెప్పుకునే మణిపూర్, మిజోరం బెనె మెనాషేలకి ఇజ్రాయేలు సంతతిగా 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ (మతగురువు) ఇచ్చిన గుర్తింపు వీళ్లకి రాలేదు.

యూదుల పంచాంగం మనకి కొత్తేమీ కాదు. నెలలు చంద్రుడివి, ఏడాది సూర్యుడిది. రెండింటికీ ఏటా పదకొండు రోజులు తేడా వస్తుంది. వదిలేస్తే, రంజాన్ లాగే వాళ్ల పస్కా పండుగ కూడా ఋతువులన్నీ తిరుగుతుంది. కానీ అది వసంతంలోనే రావాలని ధర్మశాస్త్రం ఆజ్ఞ. అందుకని 19 ఏళ్లలో 7 సార్లు అదారు నెలను రెండుసార్లు లెక్కిస్తారు. అంటే అధిక మాసమే! మనం సంక్రాంతి లేని నెల ఎప్పుడొస్తుందో చూసుకుంటాం, వాళ్లకి ఏయే ఏళ్లో ముందే ఖాయం. 2024లో పస్కా మొదటి రోజు, చైత్ర పౌర్ణమి రెండూ ఏప్రిల్ 23నే వచ్చాయి. ఇంకో తేడా: మనకి సూర్యోదయంతో రోజు మొదలు, వాళ్లకి సూర్యాస్తమయంతో. వాళ్ల వారపు విశ్రాంతి దినం సబ్బాతు శుక్రవారం పొద్దుగూకే వేళ మొదలై శనివారం చుక్కలు పొడిచేదాకా ఉంటుంది. ఈలోపు నిప్పు రాజేయకూడదు కాబట్టి వంట శుక్రవారమే ముగియాలి.

వంటిల్లు ఇంకా కఠినం. మాంసాన్ని అరగంట నీళ్లలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, మూడుసార్లు కడుగుతారు. రక్తం తినకూడదు కాబట్టి. మాంసమూ పాలూ ఒక గిన్నెలో కలవకూడదు, పెరుగులో నానబెట్టిన కోడి కూడా పనికిరాదు. చేపకి రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలి: బొచ్చె తినొచ్చు, వాలుగ తినకూడదు. రొయ్యలూ పీతలూ అసలే కూడదు. కోస్తాలో పుట్టినవాడికి ఇదే అసలైన పరీక్ష అనిపిస్తుంది నాకు.

పస్కా రొట్టెకి పిండిలో నీళ్లు పడ్డ దగ్గర్నుంచి 18 నిమిషాలే గడువు. దాటితే పులిసినట్టే లెక్క, పస్కాకి పులిసింది కూడదు. పస్కా రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో అందరికన్నా చిన్నపిల్లవాడు ప్రశ్నలు అడగాలి, పెద్దలు ఐగుప్తు బానిసత్వం కథ చెప్పాలి.

వీటన్నిటికన్నా నన్ను ఆపేసింది తోలు. సినగాగులో చదివే తోరా, అంటే ఆ ధర్మశాస్త్రం, అచ్చు పుస్తకం కాదు. ఆవు, గొర్రె, మేక లాంటి తినదగిన జంతువుల చర్మాన్ని శుద్ధి చేసి, దాని మీద ఈకతోనో రెల్లుకలంతోనో 3,04,805 అక్షరాలు చేత్తో రాస్తారు. ఒక్క అక్షరం చెడినా సరిదిద్దేదాకా ఆ చుట్టను చదవరు. ముక్కలను కలిపి కుట్టేది జంతువు నరంతోనే. మామూలు రోజుల్లో ఉదయం ప్రార్థనకి నల్లని తోలు పట్టీని ఎడమచేతికి ఏడు చుట్లు చుట్టి, తోలు పెట్టె ఒకటి నుదుటి పైన కట్టుకుంటారు.

తోలు పని చేసినందుకే తరతరాలుగా ఊరి చివర ఉంచిన కులం మాదిగలది. కొత్తరెడ్డిపాలెం వాళ్లు ఈ రెండింటినీ కలిపి చూశారో లేదో గానీ, నాకు మాత్రం ఆ పట్టీ చూస్తే మొదట వాళ్ల తాతలే గుర్తొస్తారు.