"అమెరికా తెలుఁగు": సమాసవిచారము

అమెరికాలోని తెలుఁగువారు తమ జీవితమునుగూర్చి వ్రాసికొనిన కథలను గడచిన రెండేండ్లుగాఁ జదువుచున్నాఁడను. మూలపేటవంటి కడలియొడ్డు పల్లెలోఁ గూర్చుండి హూస్టను నగరపుఁ గథలను విమర్శింపఁబూనుట సాహసమని కొందఱనవచ్చును. వైయాకరణునకు దేశముతోఁ బనిలేదు, శబ్దముతోనే పని.

వంగూరి చిట్టెన్ రాజుగారి సంపుటములలో "అమెరికామెడీ కథలు", "అమెరికాలక్షేపం" అనునవి కలవు. ఈ పేళ్లఁ జూచి మొదట మొగము చిట్లించితిని. అమెరికా, కామెడీ అను రెండు పదములు కలియునపుడు నడుమ నొక "కా" యెటు పోయినది? బాలవ్యాకరణమున దీనికి సూత్రము లేదు. శకంధ్వాదులందుఁ బరరూపము అచ్చునకే చెప్పఁబడినది; ఏకశేషము పదమునకే కాని యక్షరమునకుఁ గాదు. అయినను జెవికిఁ బదము తెలియుచున్నది, నవ్వును వచ్చుచున్నది. ఒకే "కా" పూర్వపదమునకు అంత్యమై, ఉత్తరపదమునకు ఆదియై, రెండిండ్లకు నడిమిగోడవలె నిలిచినది. ఆ గోడ యెవరిదను వివాదమే యీ కథల వస్తువు.

"అమెరికా తెలుఁగు" అనుదానికి విగ్రహమేమి? అమెరికాయందలి తెలుఁగు అన్నచోఁ దత్పురుషము, తెలుఁగు ప్రధానము. అమెరికాయును దెలుఁగును అన్నచో ద్వంద్వము, రెండును సమానములు. బహువ్రీహియైనచో రెండును గాక మూఁడవ వ్యక్తి ప్రధానుఁడు. 1965నాటి వలసచట్టము పిమ్మట వెడలిన వైద్యులు, ఇంజనీర్లు తత్పురుషమునే నమ్మిరి. 1977లో తానా యేర్పడుటకు, 1994లో వంగూరి ఫౌండేషను వెలయుటకు నీ నమ్మకమే మూలమని నా తలంపు. వారి కథలలో వెలుపల మంచు కురియుచున్నను వంటయింటఁ బోపు వాసన యుండును. అక్కడఁ బుట్టిన బిడ్డలు మాత్రము బహువ్రీహులు. వారిని "ఏబీసీడీ" యని వేళాకోళము చేయుదురఁట. అమెరికాలోఁ బుట్టి కలవరపడు దేశీయుఁడని దానికర్థము. ఇది నాకు నచ్చలేదు. కలవరము బిడ్డది కాదు, విగ్రహవాక్యము చెప్పలేని పెద్దలది. నేను జదివిన కథలలోఁ బిల్లలు నవ్వించుటకో యేడ్పించుటకో వత్తురు కాని, తమ మాటగా నొకమాట యాడుట యరుదు. నేను జూపఁదలఁచిన ప్రధానదోషమిదియే.

పేరు పెట్టు నధికార మెవరిదను ప్రశ్న యచటఁ గ్రొత్తది కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ అను పంజాబీయుఁడు తాను ఆర్యజాతివాఁడనని, కాఁబట్టి చట్టములోని "శ్వేతజన" శబ్దము తనకు వర్తించునని అమెరికా యత్యున్నత న్యాయస్థానమున వాదించెను. న్యాయస్థానము శాస్త్రజ్ఞుల యర్థముఁ ద్రోసివేసి, సామాన్యజను లెఱిఁగిన యర్థమే గ్రాహ్యమనెను. రూఢి యోగమును గెలుచుననుట మనకుఁ దెలిసిన న్యాయమే. కాని దానితో నొకని పౌరత్వము పోవుట మన శాస్త్రములలో నెక్కడను జదువలేదు. మనవారికి 1946లోఁ గాని యా ద్వారము తెఱవఁబడలేదు. యెల్లాప్రగడ సుబ్బారావుగారు పౌరత్వము పొందకయే 1948లో న్యూయార్కునఁ గన్నుమూసిరి. ఇట్టి చరిత్ర వెనుక నుండఁగా, నేను జదివినంతవఱకు నీ కథలు 1965తోనే లోకము పుట్టినట్లు నడచుచున్నవి.

మఱియొక మాట. ఆ కథలలో స్వగ్రామ మెప్పుడును గదలదు. కొబ్బరిచెట్టు, చెఱువుగట్టు, అరుగు, అరుగుమీఁద అమ్మ. మా ఉద్దానము, ఉద్యానశబ్దభవమని పెద్దలందురు, అట్లు నిలిచి లేదు. 2018 అక్టోబరులోఁ దిత్లీ తుపాను ఇచ్చటి కొబ్బరితోఁటలను, జీడితోఁటలను నేలఁగూల్చినది. 2023 ఏప్రిలులో మూలపేట రేవునకు శంకుస్థాపన జరిగినది. ఈ జిల్లా మత్స్యకారులు వేటకై గుజరాతులోని వేరావలు పోవుదురు. 2018లో వారిలోఁ గొందఱు పాకిస్తానువారికి బందీలై 2020 జనవరిలో విడుదలైరి. వారిదియుఁ బ్రవాసమే. 2025లో "తండేల్" అను చలనచిత్రము వచ్చినది గాని, కథాసంపుటము నా కంటఁబడలేదు.

మా వీథిలోని యొక ముసలమ్మను గొడుకెక్కడ నున్నాఁడని యడిగిన "మా గుంటడు అమెరికా" యనును. సప్తమి లోపించి మనిషియే దేశమైనాఁడు. "గంగలో గొల్లపల్లె" యనునట్లు లక్షణచే సరిపెట్టుకొనవచ్చును. అయినను బుద్ధి యూరకుండక, "అమెరికాలో నున్నాఁడనవలె గదమ్మా" యంటిని. "అదే గదా బాబూ, అమెరికాయే" యని యామె ఫోను నాకుఁ జూపినది. తెరమీఁద మనుమరాలు చేయి యూఁపి, ఏదో యడిగినది. మా యిద్దఱకును దెలియలేదు.