మొదటి చూపు, ఐదు గంటల తరువాత

పరాయి దేశపు నగరం గురించి యాత్రికుడు రాసిన మొదటి పేజీలో ఆ నగరం వాటా ఎంత, అతడు దిగిన వేళ వాటా ఎంత అని విడదీసి చూడటం యాత్రారచనలో అన్నిటికన్నా కష్టమైన పని. దిగే వేళను నిర్ణయించే అధికారం యాత్రికుడి చేతిలోనూ, చాలాసార్లు టిక్కెట్టు మీద అచ్చయిన సమయం చేతిలోనూ లేకుండా పోయిన విమానాల కాలంలో ఈ చిక్కు మరింత ముదిరింది.

ఆలస్యానికి కారణం ఏమిటో విమానయాన సంస్థలకు తెలియదనుకోవడం పొరపాటు. దశాబ్దాలుగా వాడుకలో ఉన్న అంతర్జాతీయ విమాన రవాణా సంఘం (ఐఏటీఏ) పట్టికలో ప్రతి కారణానికీ ఒక రెండంకెల సంకేతం ఉంది: 41 అంటే విమానంలో సాంకేతిక లోపమనీ, 72 అంటే దిగవలసిన ఊళ్లో వాతావరణం అనుకూలంగా లేదనీ, 93 అంటే ఆ విమానమే అంతకు ముందరి ప్రయాణం ముగించుకుని ఆలస్యంగా వచ్చిందనీ అర్థం. ఒకే విమానం పొద్దుటినుంచి రాత్రిదాకా నాలుగైదు ఊళ్లు తిరిగే పద్ధతిలో, ఉదయం ఎక్కడో పోగొట్టుకున్న అరగంట సాయంత్రానికి మరెక్కడో, దానితో ఏ సంబంధమూ లేని ప్రయాణికుల నెత్తిన పడుతుంది. దీనికి స్లాట్ నియమం కూడా తోడవుతుంది. యూరప్ గగనతలంలో రద్దీ పెరిగినప్పుడు బ్రస్సెల్స్‌లోని యూరోకంట్రోల్ సంస్థ ఒక్కో విమానం నేల విడవవలసిన నిమిషాన్ని లెక్కకట్టి ఇస్తుంది. ఆ నిమిషానికి 5 నిమిషాల ముందునుంచి 10 నిమిషాల తరువాతి వరకు ఉన్న వ్యవధినే స్లాట్ అంటారు, అది చేజారితే విమానం సిద్ధంగా ఉన్నా కొత్త స్లాట్ వచ్చేదాకా కదలడానికి లేదు. ఇంత పద్దు రాసుకున్నాక కూడా గేటు దగ్గర కూర్చున్నవారికి మైకులో వినిపించేది “నిర్వహణ కారణాల వల్ల” అన్న ఒక్క ముక్కే.

ఈ ఆలస్యం నగరపు రూపాన్ని ఎలా మార్చేస్తుందో చూడాలంటే ఇస్తాంబుల్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. 2018 అక్టోబర్ 29న ప్రారంభమై, 2019 ఏప్రిల్‌లో పాత అటాటుర్క్ విమానాశ్రయం నుంచి ప్రయాణికుల సర్వీసులను తనవైపు మళ్లించుకున్న కొత్త విమానాశ్రయం నగరానికి ఉత్తరాన, నల్లసముద్రపు ఒడ్డున ఉంది. సాయంత్రం దిగవలసినవాడు సాయంత్రమే దిగితే, గలాటా వంతెన మీద కటకటాలను ఆనుకుని వరుసగా నిలబడి గాలాలు వేసేవారూ, నీటి మీద దీపాలతో ఎదురెదురుగా దాటిపోయే వాపూర్‌లూ, అంటే ప్రయాణికులను రెండు ఖండాల మధ్య చేరవేసే ఫెర్రీలూ, కొండ మీద మసీదుల గుమ్మటాలూ అతడికి మొదటి చూపులో దక్కుతాయి. అదే మనిషి అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు దిగితే, ఏ దేశంలోనైనా ఒకేలా కనిపించే హైవే, దాని పక్కన చీకటి, మూసిన దుకాణాల షట్టర్లు, ఎక్కడో నిలిపిన మోటారు సైకిలు సీటు మీద ముడుచుకుని పడుకున్న పిల్లి మాత్రమే అతడి ఇస్తాంబుల్. ఊరు మారలేదు, వేళ మారింది. కాని మర్నాడు ఇంటికి పంపే సందేశంలో ‘ఊరు బోసిగా ఉంది’ అనే ఉంటుంది తప్ప ‘నిద్రలేదు’ అని ఉండదు.

1874లో ఇదే నగరానికి ఓడలో వచ్చిన ఇటాలియన్ రచయిత ఎడ్మొండో డి అమీచిస్‌కు కూడా ఆకాశం ఇలాంటి అడ్డే పెట్టింది. తెల్లవారగానే మినార్లు కనిపిస్తాయని కెప్టెన్ ఊరించిన ఉదయం పొగమంచు కమ్మి, ఎదురుచూసిన నగరం కంటికి అందలేదు. ఆ తెర కొద్దికొద్దిగా పలచబడుతూ నగరాన్ని ముక్కలు ముక్కలుగా బయటపెట్టిన తీరును అతడు 1877లో వెలువడిన తన పుస్తకంలో ఎంత తన్మయంగా రాశాడంటే, మంచు లేకపోతే ఆ పేజీలే లేవనిపిస్తుంది. అయితే అతడి నిజమైన నేర్పు ఆ తరువాతి అధ్యాయంలో ఉంది. ‘ఐదు గంటల తరువాత’ అని పేరు పెట్టి, పొద్దున చూసిన కాంతినగరం మాయమైందనీ, దాని స్థానంలో ఎగుడుదిగుడు సందుల గజిబిజి ఊరు ఎదురైందనీ ఒప్పుకున్నాడు. మొదటి అధ్యాయాన్ని కొట్టివేయలేదు, రెండోదాన్ని తీర్పుగానూ ప్రకటించలేదు. రెంటినీ గంటల గుర్తుతో సహా పక్కపక్కన వదిలిపెట్టాడు. అంతకు ఏడేళ్ల ముందు వచ్చిన మార్క్ ట్వేన్ కూడా నీటి మీదినుంచి ఆ నగరాన్ని మెచ్చుకుని, ఒడ్డున అడుగుపెట్టాక తిట్టిపోశాడు గాని, హాస్యం బాగానే పండినా, ఆ ఖాతాను అక్కడితోనే మూసేసినట్టు కనిపిస్తుంది.

గంటల గుర్తు పెట్టే అలవాటు తెలుగు యాత్రారచనకు కొత్తదేమీ కాదు. 1830-31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ తేదీలూ, చేరిన గంటలూ రాసిపెట్టుకున్నారు. ఆధునిక పాఠకుడు విసుగుతో దాటవేసే ఆ అంకెలే, ఏ ఊరిని ఎండలో చూశారో, ఏ ఊరిని చీకట్లో చూశారో చెప్పే సాక్ష్యం.

ఓడలో వచ్చినవాడికి మొదట అందం, ఐదు గంటల తరువాత బురద దొరికితే, ఆలస్యపు విమానంలో వచ్చినవాడికి ఈ వరుస తలకిందులవుతుంది: బురద రాత్రే అయిపోతుంది, అందం కోసం తెల్లవారేదాకా ఆగాలి. ఆ ఉదయం ఒక్కోసారి మళ్లీ పొగమంచుతోనే వస్తుంది. అప్పుడు నగరాన్ని రెండుగా చీల్చే బోస్ఫరస్ జలసంధిలో ఓడల రాకపోకలు ఆపేస్తారు, వాపూర్‌లు రద్దవుతాయి, యాత్రికుడు రేవులో నిలబడి కనిపించని అవతలి ఒడ్డును తన్మయంగా ఫొటో తీస్తుంటే, ఆఫీసుకు పోవలసిన నగరవాసి విసుక్కుంటూ 2013లో ప్రారంభమైన సముద్రం కింది సొరంగ రైలు మర్మరాయ్ స్టేషన్ వైపు నడుస్తాడు. తొందర లేనివారు రేవు పక్క దుకాణంలో పాలు కలపని టీ తాగుతారు. నడుము సన్నగా ఉండే ఆ గాజు గ్లాసుకు పిడి ఉండదు, కొత్తగా వచ్చినవాడు దాన్ని నడుము దగ్గర పట్టుకుని వేళ్లు కాల్చుకుంటాడు, పక్కబల్ల మీది ముసలాయన రెండు వేళ్లతో పై అంచు పట్టుకుని తాగుతుంటాడు.