బుద్ధ విగ్రహం నడిచిందా?

ఇంగ్లీషు వ్యాకరణ దోషాలలో చదివేవారికి నవ్వు తెప్పించేది ఒక్కటే: వాక్యం మొదట వచ్చిన అసమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించలేని క్రియ, తనది కాని కర్తను పట్టుకోవడం. బ్యాంకు, రైల్వే పరీక్షల కోసం అచ్చయ్యే అభ్యాస పుస్తకాలలో దీనికొక అధ్యాయం ఉంటుంది. ఈ వారం చూసిన అలాంటి ఒక పుస్తకం ‘వాకింగ్ ఆన్ ట్యాంక్‌బండ్, ది బుద్ధా స్టాచ్యూ లుక్డ్ బ్యూటిఫుల్’ అన్న వాక్యాన్ని ఇచ్చి, కింద ‘తర్కవిరుద్ధం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టింది. దిద్దేవారు కారణం కూడా చెప్పాలన్నది ఈ శీర్షిక పాతపాటే కనుక, పాఠకులు మరోసారి ఓపిక పట్టక తప్పదు.

పుస్తకం చెప్పకుండా వదిలిన కారణం చిన్నదే. విలియం స్ట్రంక్ 1918లో కార్నెల్ విశ్వవిద్యాలయంలోని తన విద్యార్థుల కోసం అచ్చు వేయించిన ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్’లోనే ఆ నియమం ఉంది: వాక్యాన్ని ఇటువంటి పదబంధంతో మొదలుపెడితే అది ప్రధాన వాక్యంలోని కర్తకే చెందాలి. ఆ లెక్కన ట్యాంక్‌బండ్ మీద నడిచింది విగ్రహమే అవుతుంది కాబట్టి, నడిచిన మనిషిని వాక్యంలోకి తెచ్చి, ‘వైల్ ఐ వాజ్ వాకింగ్’ అని విడి ఉపవాక్యంగా రాస్తే దోషం పోతుంది.

అయితే ఈ పొరపాటు తెలుగు విద్యార్థి కలం నుంచి ఇంత సులువుగా ఎందుకు జారుతుందన్నది ఏ అభ్యాస పుస్తకమూ అడగని ప్రశ్న. ‘ట్యాంక్‌బండ్ మీద నడుస్తుంటే బుద్ధ విగ్రహం అందంగా కనిపించింది’ అన్న తెలుగు వాక్యంలో ఏ లోపమూ లేదు. ‘నడుస్తూ’ అన్న శత్రర్థకం, అంటే జరుగుతున్న పనిని చెప్పే రూపం, సాధారణంగా ప్రధానక్రియకున్న కర్తనే కోరుకుంటుంది. ‘నడుస్తుంటే’ అన్న రూపమైతే ఒకరి పని సాగుతుండగా మరొకటి జరిగినా ఒప్పుకుంటుంది. ‘నడుస్తూ విగ్రహం కనిపించింది’ అని బడికి వెళ్లని మనిషి కూడా అనడు. ఈ రెంటినీ వేరుచేసే పనిని తెలుగు క్రియాంతానికే అప్పగిస్తే, ఇంగ్లీషు రెంటికీ ‘ఇంగ్’ అన్న ఒకే ప్రత్యయాన్ని ఇచ్చి, ఎవరు నడిచారన్నది పదాల వరుసను బట్టి తేల్చుకోమంటుంది. విద్యార్థి ‘తుంటే’ అనుకుని రాసినదాన్ని పరీక్షకుడు ‘తూ’ అని చదువుతున్నాడు. క్త్వార్థకం, అంటే ముందు ముగిసిన పనిని తెలిపే ‘పడి’, ‘వెళ్లి’ వంటి రూపం, ఇంకా ఉదారమైనది. ‘వాన పడి చెరువు నిండింది’ అన్నప్పుడు పడిన దానికీ నిండిన దానికీ మధ్య ఉన్నది కార్యకారణ సంబంధం, కర్త మాత్రం ఒకటి కాదు. ‘బస్సు బోల్తా పడి పదిమందికి గాయాలు’ అన్న శీర్షికను చదివి, బోల్తా పడింది ఆ పదిమందే కాబోలని అనుకున్న పాఠకుడు తెలుగునాట ఉండడు. కనుక ఇంగ్లీషు వాక్యాన్ని దిద్దుకునే తెలుగువారు పదబంధాన్ని అటూ ఇటూ జరపడానికి ముందు, మనసులో ఉన్నది ‘తూ’నా ‘తుంటే’నా అని తేల్చుకోవడం మేలు, ‘తుంటే’ అయితే జరపడం కాక, కర్తతో సహా విడదీసి రాయడమే దారి.

ఇంతవరకు వచ్చాక ‘తర్కవిరుద్ధం’ అన్న మాట కొంత బరువు కోల్పోతుంది, ఎందుకంటే ఒక భాషలో నిర్దోషమైన కూర్పు మరో భాషలో దోషమైతే అది ఆ భాష కట్టుబాటే గాని తర్కం కాదు. ఇంగ్లీషులోనైనా ఆ కట్టుబాటు అన్నివేళలా చెల్లలేదు. ‘హామ్లెట్’ నాటకంలో హామ్లెట్ తండ్రి అయిన రాజు ప్రేతాత్మ తన చావు గురించి లోకంలో పుట్టించిన కట్టుకథను చెప్పే వాక్యాన్ని ఈ నియమంతో కొలిస్తే, తోటలో నిద్రపోతున్నది రాజు కాదు, ఆయనను కాటేసిన పాము, అయినా ఇన్ని శతాబ్దాలలో ఆ పాము నిద్రను గురించి ప్రేక్షకులెవరూ ఆరా తీసినట్టు లేదు. నవ్వు పుట్టడమంటేనే అసలు అర్థం ముందే అందిందని.

నవ్వు రాని వాక్యాలే ప్రమాదకరం. అమెరికా సుప్రీంకోర్టు 2016లో తేల్చిన లాక్‌హార్ట్ కేసులో చట్టం, శిక్షను పెంచే పాత నేరాలుగా మూడు రకాల లైంగిక నేరాలను వరుసగా చెప్పి, చివర ‘మైనరుకు సంబంధించిన’ అన్న అర్థమిచ్చే విశేషణ పదబంధాన్ని చేర్చింది. అది మూడింటికీ చెందుతుందా, చివరి దానికేనా అన్నది ప్రశ్న. నిందితుడి పాత నేరంలో బాధితురాలు మైనరు కాదు కనుక, చివరి దానికే చెందితే అతడికి కనీసం 10 ఏళ్ల శిక్ష తప్పదు. ఆరుగురు న్యాయమూర్తులు చివరి దానికే అన్నారు, ఇద్దరు మూడింటికీ అన్నారు. స్ట్రంక్ నియమంతో వెతికితే ఆ వాక్యంలో తప్పు దొరకదు. మొదటి రెండు నేరాలను ఒక ఉపవాక్యంలో ముగించి మూడోదాన్ని విడిగా రాసినా, లేదా ఆ పదబంధాన్ని మూడుచోట్లా చెప్పినా ఆ వివాదానికి చోటుండేది కాదు. అటువంటి వాక్యాలు అభ్యాస పుస్తకాలలోకి ఎక్కవు. నాలుగు జవాబులలో సరైనది ఏదో వెనక పేజీలో అచ్చు వేయడం రాసినవారికీ సాధ్యం కాదు మరి.