కాబూలు గోడలపై షంసియా

గోడమీద బొమ్మ వేయువారికి రంగుకంటెను, గోడకంటెను ముందుగా కావలసినది తీరిక. మన ఊళ్ళలో ఎన్నికలు సమీపించినప్పుడు, సున్నము కొట్టిన గోడకు నిచ్చెన వేసికొని, కుంచె చేతబట్టి, ఒక్కొక్క అక్షరమును నింపాదిగా దిద్దుచు, నడుమ దిగి టీ త్రాగి మరల నిచ్చెన యెక్కు పెయింటరును చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ తీరిక బొత్తిగా లేని నగరమున, వీధిలో నిలిచి బొమ్మ వేయుటయే అపాయకరమైన కాలమున, ఒక యువతి ఈ విద్యను చేపట్టి దానితోనే పేరు గడించినది. ఆమె అఫ్గానిస్తానమునకు చెందిన షంసియా హసనీ.

ఆమె 1988లో టెహరానులో, ఇరానునకు వలసవెళ్ళిన అఫ్గాను దంపతులకు జన్మించెను. చిత్రకళ నేర్వవలెనను కోరిక చిన్ననాటినుండియు ఉన్నను, అఫ్గాను పౌరురాలగుటచే అక్కడ ఆ చదువు ఆమెకు దక్కలేదు. 2005లో కాబూలునకు తిరిగివచ్చిన పిమ్మటనే విశ్వవిద్యాలయమున చేరి, పట్టము పొంది, అక్కడనే అధ్యాపకురాలయ్యెను. 2010 డిసెంబరులో చూ అను పేర ప్రసిద్ధుడైన బ్రిటిషు చిత్రకారుడు కాబూలు యువకళాకారులకు గ్రాఫిటీ నేర్పగా, ఆ శిక్షణ ముగిసిన తరువాత కూడ గోడను విడువని కొద్దిమందిలో ఆమె యొకతె. ప్రదర్శనశాల గడప తొక్కని సామాన్యునకు సైతము వీధి బొమ్మ కంటబడుననియు, యుద్ధము గోడలపై మిగిల్చిన గురుతులను రంగులతో కప్పవచ్చుననియు ఆమె తలంచెను.

స్ప్రే డబ్బాతో పని యనగా కుంచెపని వంటిది కాదు. లోపలి గోళీ గలగలలాడునట్లు డబ్బాను బాగుగా ఊపి, మూతి నొక్కి గోడకు చేరువగా పట్టినచో సన్నని గీత వచ్చును. వెనుకకు జరిపినచో రంగు తుంపరగా విచ్చి అంచులు మెత్తబడును. చేయి ఒకచోట రెప్పపాటు ఆగెనా, రంగు జారి చారలు కట్టును. కనుక చేయి ఎల్లప్పుడును కదలుచునే యుండవలెను, ఎచ్చట ఆపవలెనో మనసునకు ముందే తెలిసియుండవలెను. షంసియాకు ఈ నియమముపై మరియొక నియమము వచ్చిపడినది. రెండు మూడు గంటలు పట్టు బొమ్మను 15 నిమిషములలో ముగించి తప్పుకొనవలసి యుండెను. దారినపోవువారి దూషణలు ఒకవైపు, ఎప్పుడు ఎచ్చట బాంబు పేలునో యను భయము వేరొకవైపు. ఆమె బొమ్మలలోని విశాలమైన రంగుపరపులు, నిక్కుగా నిలిచిన కోణములు, పొదుపైన గీతలు కొంతవరకైనను ఈ తొందర నేర్పిన పాఠములేయని నా నమ్మకము. శైలి యనునది తీరికలోనే పుట్టునని వాదించువారు ఈ బొమ్మల యెదుట ఒకింత నిలిచి చూడవలెను.

సోవియటు కాలమున నిర్మింపబడి, అంతర్యుద్ధమున శిథిలమై, మత్తుమందుల కలవాటుపడినవారికి ఆశ్రయమైన కాబూలు సాంస్కృతిక కేంద్రమున, మెట్లచెంత ఆమె నీలి బుర్ఖాలోనున్న యొక స్త్రీని చిత్రించెను. లేచి నిలువగలదో, పడిపోవునో తెలియని స్థితిలో ఆ స్త్రీ యున్నదని ఆమెయే వివరించినది. తరువాతి బొమ్మలలో ఈ సందేహము తగ్గి, భుజములు వెడల్పై, ముసుగు అంచులు పదునెక్కి, చేతికి గిటారో పియానో మెట్లో వచ్చినవి. కన్నులు మాత్రము మూతబడియే యుండును, నోరు అసలే యుండదు. బుర్ఖా తొలగించిననే స్వేచ్ఛ లభించునని విదేశీయులు పలుకు మాటను ఆమె అంగీకరింపదు. స్వేచ్ఛకు చదువు, శాంతి ముఖ్యములని ఆమె వాదము.

గోడ దొరకని దినములకు ఆమె వేరొక ఉపాయము పన్నినది. నగరపు గోడల ఛాయాచిత్రములను తీసికొని, వానిపై తన బొమ్మలను చిత్రించి, ఆ వరుసకు కలల గ్రాఫిటీ యని పేరిడినది. నాకు ఇందులో కొంత వెలితి తోచును. ఎండకు వెలిసి, వానకు తడిసి, ఎవరో సున్నము కొట్టువరకు నిలుచుటలో వీధి చిత్రమునకు గల ప్రాణము కాగితమునకు రాదు. అయినను ఈ ఆక్షేపణ నిర్భయముగ వీధిలో నడువగల నావంటివాడు చేయుట సులభమే! లాస్ ఏంజిలిస్ మొదలగు పరదేశ నగరములలో అవకాశము లభించినప్పుడు ఆమె నిజమైన గోడలనే కోరుకొన్నది.

2021 ఆగస్టు 15న కాబూలు తాలిబానుల వశమయ్యెను. ఆమె దేశము విడిచినది. నల్లని సాయుధులు క్రమ్ముకొనగా వాద్యమును గుండెకు హత్తుకొని నిలిచిన బాలిక బొమ్మను ఆ దినములలోనే లోకమంతయు చూచినది. నాటినుండి పత్రికలన్నియు ఆమె ధైర్యమునే కొనియాడుచున్నవి. ఆ పొగడ్తలో చిత్రకారిణి మరుగునపడుచున్నదని నా ఫిర్యాదు. ఆమె చిత్రములు అంతర్జాలమున సులభముగ లభించును. పాఠకులు వానిని తెరచినప్పుడు, ఏ దేశపు స్త్రీ యెవరికి వెరవక వేసినదను కథను కాసేపు ప్రక్కకు నెట్టి, ఆ భుజముల గీతను, ముసుగు కోణమును ముందుగ చూడవలెనని నా మనవి.