కంచరగాడిద మీద ఆపరేషన్ గది

చైనాలో ప్రాణాలిచ్చిన షోలాపూర్ డాక్టరు కోట్నిస్ మనకు తెలుసు. ఆయన డైరెక్టరుగా పనిచేసిన ఆసుపత్రికి ఎవరి పేరు పెట్టారో ఆ నార్మన్ బెథ్యూన్ కెనడా డాక్టరు. ఆయన మాట రాగానే అందరూ చెప్పేది 1939లో చీహ్వే పోరులో 69 గంటలపాటు 115 మందికి ఆపరేషన్లు చేసిన సంగతి. ఆ ఓపికకు దండం పెట్టాల్సిందే. నాకు మాత్రం అంతకన్నా ఆయన చేయించిన ఒక కొయ్య చట్రం ముచ్చటగా తోస్తుంది.

హెబే కొండపల్లెల్లో రైతులు గాడిదకు రెండు పక్కలా గంపలు వేలాడదీసి పొలానికి పెంట తోలేవారు. అది చూసి బెథ్యూన్ అదే తీరులో మందుల పెట్టెలు చేయించాడు. చట్రం కంచరగాడిద వీపు మీద కమానులా కూర్చుంటుంది. పక్కల అరల్లో వంద ఆపరేషన్లకు, ఐదు వందల కట్లకు చాలే సరంజామా. కిందికి దించి పైన ఓ తలుపు చెక్క పరిస్తే బల్ల సిద్ధం. 1937లో చైనా-జపాన్ యుద్ధం మొదలైన లూగౌ వంతెన పేరే దానికి పెట్టారు. ఏ ఊరి వడ్రంగైనా మళ్లీ చేయగలడు. అసలు గొప్పతనం అక్కడుంది.

ఈ చూపు ఆయనకు ముందునుంచీ ఉన్నదే. పక్కటెముకలు కత్తిరించే కత్తెరకు ఊహ చెప్పులు కుట్టేవాడి పనిముట్టు నుంచి వచ్చింది. స్పెయిన్ యుద్ధంలో దాతల రక్తాన్ని గడ్డకట్టకుండా సీసాల్లో నిలవచేసి, బండిలో యుద్ధరంగానికే పంపాడు. గాయపడ్డవాడు డాక్టరు దాకా వచ్చేలోపే చచ్చిపోతున్నాడు, డాక్టరే ఎదురెళ్లాలి అన్నది ఆయన లెక్క. మనిషి మాత్రం ముక్కోపి; మాడ్రిడ్‌లో తోటివాళ్లతో పొసగక 1937లో వెనుదిరిగాడు.

వడ్రంగి చేసివ్వలేనివి రబ్బరు గ్లవుజులు. 1939 అక్టోబరు చివర చైనాలో, జపాన్ సేన దగ్గరపడుతుండగా, వట్టి చేతులతో హడావిడిగా ఆపరేషన్ చేస్తూ వేలు కోసుకున్నాడు. చీము పట్టిన మరో రోగికీ ఆ చేత్తోనే కోత పెట్టాడు. రక్తం విషమయింది. పెన్సిలిన్ ఇంకా వైద్యుల చేతికి రాని కాలం. నవంబరు 12న హ్వాంగ్‌షికౌ పల్లెలో 49 ఏళ్లకే పోయాడు.

చైనా సేనాపతి న్యే రొంగ్‌జెన్‌కు రాసిన చివరి ఉత్తరంలో తన వస్తువుల పంపకాల మధ్యే మందుల లెక్క చెప్పాడు: ఏడాదికి 250 పౌన్ల క్వినైన్, 300 పౌన్ల ఇనుము మందు కొనాలి, బావొదింగ్, తియాంజిన్ వైపు మాత్రం కొనొద్దు, అక్కడి ధరలు షాంఘై, హాంకాంగ్ కన్నా బాగా ఎక్కువ.