కాళింది తర్వాత కమల

ఉద్యోగరీత్యా యాంగోన్‌లో, తాకేటాలో ఉంటున్నాను. మా తాతల నోట ఈ ఊరు 'రంగం'. మొన్న సెలవుకి ఒక్కణ్ణే కాకినాడ వెళ్ళినప్పుడు ఒక కాలేజీ పిల్లలు ఆడిన 'వరవిక్రయం' చూశాను. కాళ్ళకూరి నారాయణరావు గారి ఈ నాటకానికి నూరేళ్ళు దాటాయి.

పద్యాలన్నీ తీసేశారు. పాడలేని పద్యం పాడకపోవడమే మర్యాద. కాళింది వేసినమ్మాయి బాగా చేసింది. కట్నం కోసం తండ్రి పొలం అమ్మడం చూడలేక ఆమె నూతిలో దూకగానే తెర దించేశారు. హాల్లో అందరితోపాటు నేనూ కళ్ళు తుడుచుకున్నాను. బయటికొచ్చాక కోపం వచ్చింది.

కాళ్ళకూరి అక్కడ ఆపలేదు. చెల్లెలు కమల పెళ్ళికి ఒప్పుకుంటుంది. ఆ తర్వాత కాపరానికి వెళ్ళనంటుంది. డబ్బిచ్చి కొన్నది మేము గనక మొగుడే మా ఇంటికి రావాలని కోర్టులో వాదిస్తుంది. పిసినారి లింగరాజుని చూసి అందాకా నవ్వినవాళ్ళకి అక్కడ గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అది లేకపోతే ఈ నాటకం ఒక పిల్ల చావు మాత్రమే. కాళింది కోసం ఏడ్చి ఇంటికెళ్ళిపోవచ్చు. కమల లెక్క అడుగుతుంది.

ఆ లెక్కలో నేనూ ఉన్నాను. నా ఇంజనీరింగ్ డిగ్రీకి మావాళ్ళు బేరం ఆడుతుంటే పక్క గదిలో పేపరు చదువుతూ కూర్చున్నాను. వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. అక్కడున్న అందరికీ తెలుసు.

తాకేటా తిరిగొచ్చి మా ఆవిడకి నాటకం సంగతి చెప్పాను.

"కోర్టు సీను లేదా?" అంది.

లేదన్నాను.

"అయితే మీకు హాయిగానే ఉండుంటుంది" అని గిన్నెలు సర్దుకుంది.